పోలిరాజు పోసిన పుట్ట

నాగుల చవితి రేపనగా ఉదయం తొమ్మిది గంటలకి పోలిరాజు దగ్గరున్న సరుకు ఇదీ: ముప్పై అనకాపల్లి బెల్లం దిమ్మలు, ఆరు బస్తాల నువ్వులు, ఒక గోడౌను తాళంచెవి, కలకత్తా వాట్‌గంజ్‌లో రెండు వందల పైచిలుకు తెలుగు గడపల నమ్మకం. ఇవన్నీ పైకి కనిపించేవి. కనిపించకుండా ముప్పయ్యేళ్లుగా దాచుకున్న సరుకు మరొకటి ఉంది. అది ఒక అబద్ధం. ఇన్నేళ్లలో దానికి పురుగు పట్టలేదు, తూకం తగ్గలేదు. అంచేత పోలిరాజు దృష్టిలో అది మంచి సరుకే.

పోలిరాజుకి దేన్నయినా తూచి చూసే అలవాటు. పెళ్లిచూపుల్లో అప్పలలక్ష్మిని చూసి కూడా "మాట తక్కువ, పని ఎక్కువ, ఖాయం చేసుకోవచ్చు" అనుకున్నాడు. మాట విషయంలో ఎంత తప్పు తూచాడో నెల తిరక్కుండా తెలిసొచ్చింది. తన జన్మలో పొరపాటు లెక్క అదొక్కటేనని చెప్పుకుంటాడు. అప్పలలక్ష్మి వినే చోట చెప్పడు.

ఇక ఆ అబద్ధం సంగతి. పోలిరాజు సోంపేట వైపునుంచి కలకత్తా వచ్చినప్పుడు ఇరవై నాలుగేళ్లవాడు. రైల్వే స్టేషన్లో రెండు బస్తాల నువ్వులతో దిగాడు. వాట్‌గంజ్ నిండా శ్రీకాకుళం మనుషులే, డాక్‌లో పనిచేసే కుటుంబాలు. దీపావళి వెళ్లిన నాలుగో రోజు చవితి. ఆ పండక్కి ఇంటింటా నువ్వులూ బెల్లమూ కలిపి చిమ్మిలి దంచుతారు, తన బస్తాలు గంటలో ఖాళీ అవుతాయి అనుకున్నాడు. వచ్చి చూస్తే ఒక్క రోలూ మోగలేదు. అడిగితే ఆడవాళ్లు నవ్వారు. "పుట్ట నేని సోట సవితేటి నాయనా? పాలు సిమెంటు మీద పొయ్యమంటావేటి?" అన్నారు.

ఆ వారంలోనే అతను బస్తాలు దించుకున్న గోడౌను వెనక మురుగుకాలవ తవ్వారు. గట్టున మట్టి పడి ఉంది. కూర్మయ్య అనే డాక్ కూలీ చేత నలభై తట్టల మట్టి మోయించి వెనకగోడ పక్కన కుప్ప పోయించాడు పోలిరాజు. నీళ్లు కొట్టి, అరచేత్తో మెత్తి, ఎవరూ లేవకముందే గునపంతో ఏడు కన్నాలు పెట్టాడు. పసుపు చల్లి, కుంకం బొట్లు పెట్టాడు. పొద్దెక్కాక బజారులో నిలబడి, "పుట్ట బయటపడింది! నాను కళ్లారా సూసినాను, ఇంత పడగ!" అని చెయ్యి విప్పి చూపించాడు. రెండు బస్తాలూ మధ్యాహ్నానికల్లా చెల్లిపోయాయి.

అప్పటినుంచీ ఏటేటా అదే పుట్ట. కన్నాల్లో పాలు, చిమ్మిలి, చలిమిడి, కోడిగుడ్లు. పోలిరాజు మాత్రం ఏ చవితికీ పుట్ట దగ్గరికి వెళ్లలేదు. తను పోయించిన మట్టికి తనే పాలు పోయడం, తన దుకాణంలో తనే కొనుక్కున్నట్టుంటుందని అతని లెక్క.

ఆ రోజు గోడౌను తలుపు తీసి వెంకటేశుని లోపలికి పంపించాడు. వెంకటేశు డాక్‌లో బస్తాలు మోసే మనిషి, నలభై దాటినవాడు. పండగ ముందు రెండు రోజులు పోలిరాజు దగ్గర పని చేస్తాడు. అతను ఇనప కొక్కేన్ని బస్తాకి తగిలించి లాగాడో లేదో, లోపల కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చప్పుడయింది.

"సావుకారూ," అన్నాడు వెంకటేశు, ఉన్నచోటునుంచి కదలకుండా. "నువ్వుల బస్తా బుస కొడతంది."

"బస్తా బుస కొట్టడమేటిరా? గాలి దిగతందేమో సూడు."

"గాలికి పడగుంటాదేటి?"

పోలిరాజు తొంగి చూశాడు. బస్తాల మధ్య సందులో గచ్చు మీదనుంచి మూరెడు ఎత్తు లేచి ఉంది. నల్లటి గోధుమరంగు ఒళ్లు, విప్పిన పడగ. అది పక్కకి తిరిగినప్పుడు పడగ వెనక గుండ్రంగా ఒకే ఒక్క మచ్చ, చాదు బొట్టు పెట్టినట్టు కనిపించింది. అంత భయంలోనూ ఒక విషయం పోలిరాజు దృష్టి దాటిపోలేదు. ముప్పయ్యేళ్ల కిందట తను బజారులో చెయ్యి విప్పి చూపించిన పడగ సరిగ్గా ఈ కొలతే. వెంట్రుక వాసి తేడా లేదు.

ఇద్దరూ వెనకడుగులు వేస్తూ బయటపడ్డారు. ఆరుబయట వెంకటేశుకి ధైర్యం తిరిగొచ్చింది. కొక్కెం పైకెత్తాడు.

"ఊఁ అను సావుకారూ. ఒక్క దెబ్బ."

"రేపు సవితి పెట్టుకుని ఇయాళ నాగుపాముని సంపిన సావుకారు కాడ నువ్వులెవులు కొంటార్రా? దించు. సంపితే జైల్లో కూడా ఎడతారు."

పోలిరాజు లెక్క వేసుకున్నాడు. చంపితే పేరు పోతుంది. తలుపు మూసేసి ఊరుకుంటే సరుకు లోపలే ఉండిపోతుంది, చవితికి చిమ్మిలి ఉండదు. తనే పొడుగాటి కర్రతో బయటికి తోలబోతే ప్రాణం పోవచ్చు, ఆ తర్వాత లెక్క చూసుకోడానికి మనిషే ఉండడు. మిగిలింది ఒకటే. అటవీశాఖ నంబరు వెతికి ఫోను చేశాడు. అటువైపు మనిషి బెంగాలీలో నింపాదిగా చెప్పాడు: శిక్షణ ఉన్న వాలంటీరుని పంపిస్తున్నాం, అరగంట పడుతుంది. అది ఎక్కడుందో దూరంనుంచి కనిపెట్టి ఉండండి. దగ్గరికి ఎవర్నీ పోనివ్వకండి. ఖర్మకాలి ఎవరినైనా కరిస్తే కట్లూ మంత్రాలూ వద్దు, సూటిగా పెద్దాసుపత్రికి.

"వెంకటేశూ, ఈ ఇసయం ఎవులికీ సెప్పకు."

"నానెందుకు సెప్తాను సావుకారూ!"

పది నిమిషాల్లో అరవైమంది ఆడవాళ్లు వచ్చారు.

పోలిరాజు వెంకటేశు వైపు చూశాడు. "ఒక్క మా ఇంటిదానికే సెప్పినాను," అన్నాడు వెంకటేశు, తలొంచుకుని ఫోను జేబులో పెట్టుకుంటూ.

అందరికన్నా ముందు జగ్గమ్మ ఉంది. డెబ్బై దాటిన మనిషి, చేతిలో స్టీలు చెంబునిండా పాలు. ఆ నాడు మట్టి మోసిన కూర్మయ్య పెళ్లాం ఈవిడే. కూర్మయ్య పోయి పదేళ్లయింది. ఏటా చవితినాడు పుట్టలో మొదటి పాలు జగ్గమ్మే పోస్తుంది. పోలిరాజు అడ్డం పడేలోపు ఆమె నేరుగా వెళ్లి గోడౌను గడప మీద చతికిలబడింది.

"అప్పా! లెగు! అది నీకు రెండు బారల దూరంలో ఉంది!"

"ఉండనీ. పుట్టలో సామి పండక్కి ఒక రోజు ముందొచ్చినాడు. సుట్టమింటికి రాడేటి?"

"కరిస్తాది!"

"నన్నెందుకు కరిస్తాది? నువ్వు నీ సరుకు బయటికి తెచ్చుకోడానికి ఏసాలేస్తన్నావు. నీ సంగతి నాకు తెల్దా?"

పోలిరాజు బేరానికి దిగాడు. లేస్తే రెండు కుంచాల నువ్వులు ఊరికే ఇస్తానన్నాడు. వెనకనుంచి తవిటమ్మ అనే ఆవిడ "మూడు సెయ్యి!" అని అరిచింది. ఆడవాళ్లంతా నవ్వారు. జగ్గమ్మ కూడా నవ్వింది గానీ లేవలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని మరింత బాగా కూర్చుంది.

అప్పుడే సందులోకి స్కూటర్ వచ్చింది. ఒక అమ్మాయి దిగింది. పాతికేళ్లుంటాయి, కాళ్లకి మోకాళ్ల దాకా బూట్లు, వీపున పొడుగాటి సంచి. గోడౌను మీది తెలుగు బోర్డుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పెదాలు కదిపి, బెంగాలీలో అడిగింది, "దాదా, పాము ఎక్కడ?"

పోలిరాజు బెంగాలీలోనే జవాబు చెప్పబోతుండగా జగ్గమ్మ అందుకుంది. "ఓలమ్మో! ఈ గుంటేటి, పాముని పడతాదా? కట్టుకునీవోడిని పట్టుకునే ఒయసులో!"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "అమ్మమ్మా, ముందు పాముల్ని పట్టడం నేర్చుకుంటే తర్వాతది తేలికని నేర్చుకున్నాను," అంది తెలుగులో.

సందంతా ఒక్కసారి గొల్లుమంది. పేరు కౌముది. భవానీపూర్‌లో ఉండే బ్యాంకు ఆఫీసరు భానుమూర్తిగారి అమ్మాయి, కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. తెలుగు ఇంట్లో మాట్లాడటమే, చదవడం అంతంతమాత్రం. భవానీపూర్ తెలుగువాళ్లు వాట్‌గంజ్‌కి రావడం పోలిరాజు ఎరగడు. వాళ్లకి కావలసిన చింతపండు కూడా ఎవరిచేతో తెప్పించుకుంటారు.

కౌముది గడప పక్కనుంచి లోపలికి టార్చి వేసి చూసింది. నవ్వు ఆగింది.

"కేవుటే, ఇక్కడి నాగుపాము," అంది. "మన ఊళ్లలో నాగుపాముకి కళ్లజోడు గుర్తుంటుంది కదా, దీనికి ఒకటే చుక్క. విషంలో ఏమీ తక్కువ కాదు. పాపం భయపడిపోయి ఉంది. అమ్మమ్మా, మీరు లేవాలి. దానికి బయటికి దారి ఈ గడపే, మీరు దాని దారిలో కూర్చున్నారు."

"దాని దారిలో కాదు, సామి ఎదర కూకున్నాను. పాలు తాగి ఎల్తాడు."

"పాములు పాలు తాగవు అమ్మమ్మా."

"నీ కాలేజీలో తాగవేమో."

అప్పుడు లోపల బస్తా ఒకటి కాస్త ఒరిగింది. వెంకటేశు ఇందాక సగం లాగి వదిలేసినదే. ఆ కదలికకి పాము సందులోంచి జారి ఇవతలి బస్తా కిందికి వచ్చింది. ఇప్పుడు అది జగ్గమ్మ పాదానికి రెండు మూరల్లో ఉంది. పడగ ఎత్తలేదు. తలొక్కటే బస్తా కిందనుంచి పెట్టి, నాలుక ఆడిస్తోంది. జగ్గమ్మకి చూపు ఆనదు. ఆమె ఇంకా వెనక ఉన్న చీకట్లోకే చూసి దణ్ణం పెడుతోంది.

"ఎవరూ అరవకండి," అంది కౌముది మెల్లగా. "లాగకండి. ఆవిడ తనంతట తను నెమ్మదిగా లేవాలి. దాదా, మీరు చెబితే వింటారా?"

పోలిరాజు లోపల లెక్క మొదలైంది. అది ఎంతోసేపు పట్టలేదు. ఒక పక్క ముప్పయ్యేళ్ల పేరు, ఏటేటి చవితి బేరం, రెండు వందల గడపలు. రెండో పక్క ఒక ముసలమ్మ పాదం, పగిలిన మడమ, వేలి మీద ఒకప్పటి మట్టె గీత. త్రాసు ఎటు మొగ్గిందో అతనికే ఆశ్చర్యం వేసింది.

"అప్పా," అన్నాడు. "అది పుట్ట కాదు."

"ఏటి?"

"పుట్ట కాదప్పా. కాలవ మట్టి. నలభై తట్టలు. నీ మావ కూర్మయ్య సేతే మోయించినాను. కన్నాలు నానే గునపంతో పెట్టినాను. పాముని సూసినానని సెప్పింది అబద్ధం. నా నువ్వులు అమ్ముకోడానికి సెప్పినాను. ఈ పాము సామీ కాదు, సుట్టమూ కాదు. అడివిలో పురుగు. కాటేస్తే ఎవులినీ ఒగ్గదు. లెగు తల్లీ, నీకు దండం ఎడతాను."

డాక్ వైపునుంచి ఓడ కూత వినపడింది. పోలిరాజు మనసులో రెండు వందల గడపల తలుపులు ఒకదాని వెనక ఒకటి మూసుకున్నాయి.

జగ్గమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోంది అనుకున్నాడు. ఆమె నవ్వుతోంది.

"ఓరి పిచ్చోడా. ఆ రోజు రేతిరే మా మావ సెప్పినాడు నాకు. పోలిరాజు తట్టకి రెండు రూపాయలిచ్చి పుట్ట కట్టిస్తన్నాడు, ఎవులికీ సెప్పకు అన్నాడు. నాను ఈ తవిటమ్మకొక్కదానికే సెప్పినాను."

"నాను మాలచ్చమ్మకొక్కదానికే సెప్పినాను," అంది తవిటమ్మ.

వెనకనుంచి ఒక్కొక్కరే గొంతు కలిపారు. ముప్పయ్యేళ్ల కిందటే మొత్తం సందుకి తెలుసు. తెలియనిది, వాళ్లకి తెలుసునన్న సంగతి పోలిరాజుకే.

"మరి ఎందుకు పోసినారు పాలు?" అన్నాడు పోలిరాజు, నోరు వెళ్లబెట్టి.

"మొక్కుకోడానికో సోటు కావాల గదా! నువ్వు అమ్ముకోడానికి పెట్టినావు, మేం దండం ఎట్టుకోడానికి ఉంచుకున్నాం. ముప్పయ్యేళ్లు ఉట్టి మట్టికి పాలు పోసినాను నాను. ఇయాళ నిజం సామి నడిసొస్తే లెగిసిపొమ్మంటావేటి? మట్టంటే నువ్వు పోయించినావు. పాముని కూడా నువ్వే తోలుకొచ్చినావా?"

పోలిరాజు చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు. జగ్గమ్మ కళ్లు చికిలించి అతని ముఖాన్ని చూసింది, కూరల బజారులో వంకాయని తిప్పి తిప్పి చూసినట్టు.

"ఇన్నేళ్లలో నీ నోట నష్టం మాట రాగా నాను ఇనలేదురా," అంది చివరికి. "నీకు నష్టమొచ్చే మాట నువ్వే సెప్పినావంటే, నిజంగానే అది దగ్గరగా ఉన్నట్టుంది. సెయ్యందుకో."

పోలిరాజు ఒంగి చెయ్యి ఇచ్చాడు. "ఆస్తే, ఆస్తే," మెల్లగా, మెల్లగా అని బెంగాలీలో అంటోంది కౌముది పక్కనుంచి. జగ్గమ్మ ముందు ఒక పాదం, తర్వాత రెండోది వెనక్కి తీసుకుని, గడప దిగింది. చెంబులో పాలు చుక్క ఒలకలేదు. ఆమె దూరం వచ్చాక కూడా పోలిరాజు ఆ చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత పని చూస్తుండగానే అయిపోయింది. కౌముది అందర్నీ సందు మలుపు దాకా పంపించింది. సంచిలోంచి చెయ్యి పట్టేంత వెడల్పు ప్లాస్టిక్ గొట్టం తీసి, ఒక మూతికి గుడ్డసంచి తొడిగి, రెండో మూతి గోడవార గచ్చు మీద పెట్టింది. పొడుగాటి కొక్కెం కర్ర తీసుకుంది.

"నా కొక్కెం లాగే ఉంది," అన్నాడు వెంకటేశు దూరంనుంచి, కాస్త గర్వంగా.

"మీది లాగడానికి, నాది దారి చూపించడానికి," అంది కౌముది, తల తిప్పకుండానే.

బస్తాని కర్రతో కొంచెం తప్పించింది. పాము లేచి నిలబడింది. ఒక్కసారి బుస కొట్టింది, రెండోసారి కొట్టింది. కౌముది కదల్లేదు. అలా ఎంతసేపు నిలబడిందో పోలిరాజు లెక్కపెట్టలేకపోయాడు, అతనికి లెక్క తప్పడం అరుదు. పాము పడగ దించింది. గోడవార పాకింది. కర్ర దాని పక్కనే, తగిలీ తగలనట్టు నడిచింది. చీకటి కన్నం కనపడగానే, ఎప్పట్నుంచో తన ఇల్లే అయినట్టు గొట్టంలోకి దూరింది. తోక కొస లోపలికి వెళ్లాక కౌముది కర్రతోనే సంచి మూతి నొక్కి, మెలితిప్పి, కట్టింది. సంచిని గాలి కన్నాలున్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూత బిగించింది.

సందు మలుపులో ఈలలు, చప్పట్లు. ఎదురింటి బెంగాలీ గృహిణి ఒకావిడ మేడమీదనుంచి వాళ్ల పెళ్లిలోలాగా నాలుక ఆడిస్తూ ఉలూలూ అని మంగళధ్వని చేసింది. మనవాళ్లకి ఆ విద్య రాదు గానీ ఆ రోజు అందరూ ప్రయత్నం చేశారు.

పాము పెట్టెలోకి చేరాక కౌముది టార్చి వేసి గోడౌనంతా చూపించింది. వెనకగోడ కింద, సరిగ్గా పుట్ట ఆనుకున్న చోట, ఇటుకల మధ్య కన్నం. బస్తాల అడుగున ఎలుకలు కొరికిన పోగులు. మూల దిమ్మల వెనక పొడుగాటి తెల్లటి కుబుసం.

"కనీసం రెండు మూడు నెలలనుంచి ఇక్కడే ఉంటోంది," అంది. "మీరు కన్నాల్లో చలిమిడి, గుడ్లు వేస్తున్నారు కదా. అవి తినడానికి ఎలుకలొచ్చాయి. ఎలుకలకోసం ఇదొచ్చింది. ముప్పయ్యేళ్లనుంచి మీరు పిలుస్తున్నారు, ఈ ఏడు వచ్చింది, అంతే."

"సూసినావా!" అంది జగ్గమ్మ పోలిరాజు డొక్కలో పొడిచి. "ఎలకల చేత కబురంపితేనేటి? పిలిస్తే వొచ్చింది గదా!"

పోలిరాజు కుబుసాన్ని చూస్తూ నిలబడిపోయాడు. మూడు నెలలనుంచి రోజుకి రెండుసార్లు ఈ తాళం తీస్తున్నాడు. ఆ మూల దిమ్మలు తనే చేత్తో లెక్కపెట్టాడు. అది తనని ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. మంచి అద్దెదారు, గోల లేదు, ఎలుకల్ని తగ్గించింది. అనుకుని, వెంటనే ఆ ఆలోచనకి తనే భయపడ్డాడు.

కౌముది పెట్టె స్కూటరుకి కట్టుకోబోతే జగ్గమ్మ అడ్డం నిలబడింది. "ఒట్టి సేతుల్తో పంపుతారేటి? ఇంట్లో మూడు నెల్లున్న ఆడపిల్లకి సారె పెట్టొద్దా?"

"ఆడో మగో ఇంకా చూడలేదు అమ్మమ్మా."

"ఏదైతేనేం. సలిమిడి పెట్టి సాగనంపాల."

కౌముది ఒక్క క్షణం ఆలోచించి తన షరతులు చెప్పింది: పెట్టెలోపల ఏమీ పెట్టకూడదు, మూత తీయకూడదు, కదపకూడదు, మోగించకూడదు. మూత మీద బొట్టు పెట్టుకోవచ్చు. సారె మనుషులు తినాలి. ఇంకో మాట, ఇకమీదట పుట్ట కన్నాల్లో తిండి వేయకూడదు. పాలు పైన చుక్క పోయండి, చిమ్మిలి మీరే తినండి.

ఆడవాళ్లు అయిదు నిమిషాలు గుసగుసలాడి ఒప్పుకున్నారు. సారె పోలిరాజు ఇవ్వాలని మాత్రం ఏకగ్రీవంగా తేల్చారు. అతను బేరమాడకుండా ఒక దిమ్మ, రెండు కుంచాల నువ్వులు తీసిచ్చాడు. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న అప్పలలక్ష్మి, కొత్త రవికల గుడ్డ తెచ్చి పెట్టె మీద గాలి కన్నాలకి అడ్డం రాకుండా పరిచింది. "ఈ మనిషి ఊరికే ఇచ్చింది సూడ్డం నాకిదే మొదలు. పామేటి, ఏనుగొచ్చినా ఇంత ఇచ్చీవోడు కాడు," అంది.

అటవీశాఖవాళ్లు ఫోనులో చోటు చెప్పారు. ఊరు దాటాక నీళ్ల మడుగులు, తుంగ, మనుషులు తక్కువ. సాగనంపడానికి తామూ వస్తామని ఆడవాళ్లు పట్టుబట్టారు. పోలిరాజు సరుకు వేసుకునే చిన్న బండిలో కౌముది పెట్టె ఒళ్లో పెట్టుకుని డ్రైవరు పక్కన ముందు కూర్చుంది. వెనక జగ్గమ్మ, తవిటమ్మ, ఇంకో ఆరుగురు, పోలిరాజు. ఖిదిర్‌పూర్ వంతెన ఎక్కుతుంటే తవిటమ్మ అప్పగింతల పాట ఎత్తుకుంది. కౌముది వెనక్కి తిరిగి వేలు పెదాల మీద పెట్టింది. మిగతా దారంతా ఎనిమిదిమంది పెదాలు కదుపుతూ, గొంతు లేకుండా ఆ పాట పాడారు. ఎర్రదీపం దగ్గర పక్కన ఆగిన టాక్సీ డ్రైవరు వాళ్లని చూసి పచ్చదీపం వచ్చినా కదల్లేదు.

అక్కడ అటవీశాఖ ఉద్యోగి ఒకాయన ఎదురుచూస్తున్నాడు. ఇంకా బోలెడు పొద్దుంది. అందరూ గట్టు మీద దూరంగా నిలబడ్డారు. కౌముది మడుగు అంచున సంచి మూతి విప్పి, కర్రతో అడుగు ఎత్తి పట్టుకుంది. పాము బయటికి వచ్చింది. గడ్డిలో ఒకసారి తల ఎత్తి నాలుక ఆడించింది. ఎండ దాని ఒంటి మీద నూనె రాసినట్టు మెరిసింది. ఎక్కడికి వెళ్లాలో ఎవరో చెవిలో చెప్పినట్టు, తుంగలోకి నీళ్లు తొణకకుండా వెళ్లిపోయింది.

"సల్లగా బతుకు తల్లీ," అంది జగ్గమ్మ. చెంబులో పాలు అక్కడ గట్టు మీద చుక్క వదిలి, మిగిలినవి ఆ ఉద్యోగి చేతికిచ్చింది. ఆయన ఏమీ అర్థం కాక, గౌరవంగా తాగేశాడు.

తిరిగొచ్చేసరికి గోడౌను ముందు జనం. పోలిరాజు తాళం తీశాడో లేదో, వెంకటేశు కొక్కేనికి పని తగిలింది. దిమ్మలు పగిలాయి, నువ్వులు కొలిచారు, పొద్దు కుంకేలోపు ఆరు బస్తాలూ ఖాళీ. సందులో ప్రతి ఇంట్లోనూ రోలు మోగింది.

మర్నాడు చవితి. పుట్ట దగ్గర మొదటి పాలు పోసే వేళకి జగ్గమ్మ చెంబు పట్టుకుని, పోయకుండా నిలబడింది. "కట్టినోడేడీ?" అంది. దుకాణంలో కూర్చున్న పోలిరాజుని ఇద్దరు రెక్క పట్టుకుని తీసుకొచ్చారు. చెంబు అతని చేతికిచ్చింది. కౌముది కూడా వచ్చింది, తల్లినీ తండ్రినీ వెంటబెట్టుకుని. ఆ మట్టికుప్ప మీద పోలిరాజు ముప్పయ్యేళ్లలో మొదటిసారి చుక్క పాలు పోశాడు. జగ్గమ్మ అతని నోట్లో చిమ్మిలి ఉండ కుక్కింది.

"నీ సరుకే. ఎలాగుందో సెప్పు."

నోరు నిండిపోయి చెప్పలేకపోయాడు.

ఆ మధ్యాహ్నం అలవాటు ప్రకారం వేళ్ల మీద చూసుకున్నాడు. పోయినవి: ఒక దిమ్మ, రెండు కుంచాల నువ్వులు, ఒక రవికల గుడ్డ, దాదాపు ఒక పూట, ముప్పయ్యేళ్లు జాగ్రత్తగా దాచిన ఒక అబద్ధం. వచ్చినవి: ఒక కుబుసం, దాన్ని కౌముది కాలేజీకి పట్టుకెళ్లింది. గోడౌను గోడ మీద సుద్దతో రాసిన ఆ అమ్మాయి ఫోను నంబరు. భానుమూర్తిగారి మాట మీద భవానీపూర్ నుంచి చింతపండుకీ బెల్లానికీ అడిగిన పదకొండు కుటుంబాలు. ఇక ఎలుకలకి కాక మనుషుల నోళ్లకి పోయే చిమ్మిలి. గడపకి ఇవతల క్షేమంగా రెండు ముసలి పాదాలు. తుంగలో ఎక్కడో ఒక పాము.

అబద్ధాన్ని పోయినవాటిలో లెక్కపెట్టిన వేలు ఇంకా మడిచే ఉంది. పోలిరాజు దాన్ని కాసేపు చూసుకుని, విప్పి, వచ్చినవాటివైపు కలుపుకున్నాడు.